సల్ల రీల్

జులై 28, సోమవారం
శామీర్‌పేట చెరువు కట్ట మీద మా క్లాసు సహస్ర "అనుకోకుండా" దిగిన ఫొటో. ఆ అనుకోకుండాకి రెండు గంటలు పట్టింది. తీసింది నేను. కింద "మనసుకి ప్రశాంతత" అని రాసుకుంది... అంతసేపూ జుట్టు సరిగ్గా పడలేదని నన్ను తిడుతూనే ఉంది.

జులై 30
మా క్లాసులో పక్కపక్క బెంచీల వాళ్ళు మాట్లాడుకోరు. పుట్టినరోజుకి మాత్రం స్టోరీలో "నా ప్రాణం" అని పెట్టుకుంటారు. పెట్టకపోతే మర్నాడు కాలేజీ బస్సులో సీటు ఆపరు. ఇదీ స్నేహం! థూ.
నేనూ పెట్టాను. రెండు హార్టులు ఎక్కువే.

ఆగస్టు 2, శనివారం
"మీ ఇల్లు ఎప్పుడూ చూపించవేంటే?" అంటూ సహస్ర మేడ్చల్ వచ్చేసింది. తూంకుంటలో కొత్త డూప్లెక్స్ వాళ్ళది. మా రేకుల వరండా చూసి "భలే వింటేజ్" అంది. సిగ్గులేని మాట.
అవ్వ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. "సల్ల తాగు బిడ్డా, ఎండల వడి వచ్చినవ్."
"చల్లగా ఉందా మామ్మగారూ?"
"సల్ల సల్లగుండక ఉడుకుడుకుంటదా!" అవ్వ పకపకా నవ్వింది.
సహస్ర ఫోన్ ఎత్తడం చూశాను. ఆపలేదు.

ఆగస్టు 4
రీల్ పెట్టింది. అవ్వ మాట వెనక జోకర్ మ్యూజిక్. పైన "సల్ల అంటే ఏంటో చెప్పుకోండి!"
క్యాంటీన్ నిండా "ఉడుకుడుకుంటదా" అని వెక్కిరింపులే. వెక్కిరించేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో సల్లే తాగుతారు. కాలేజీకని కండ్లకోయలో బస్సు దిగగానే అందరికీ అది మజ్జిగ అయిపోతుంది. దొంగ మొహాలు.
కింద ఎవరో అడిగారు — ఎవరీవిడ? నేను రాశాను: "ఎవరో ఏమో, ముసలావిడ భలే ఉంది." మూడు నవ్వు బొమ్మలు.
సహస్ర మెసేజ్ — "నీ పేరు బయటపెట్టలేదు చూడు. ఫ్రెండంటే అలా ఉండాలి."
అందరికంటే నేనే నీచం.

ఆగస్టు 5
బస్సులో సహస్ర పక్కనే కూర్చున్నాను.

ఆగస్టు 7
పక్కింటివాళ్ళు అవ్వకి రీల్ చూపించారు. భయపడుతూ ఇంట్లోకి వెళ్ళాను. అవ్వ మొహం వెలిగిపోతోంది.
"గింతమంది సూసిండ్రా! ముందుగాల జెప్తే కొంగు సక్కగ కప్పుకుందును గద!" ఆ తర్వాత — "కింద అందరు రాసిండ్రట. నువ్వేం రాసినవ్ బిడ్డా?"
"మా అవ్వ అని రాసిన." నోరు తడబడలేదు.
"ఏడుంది? సూపియ్యి."
అవ్వకి చదువు రాదు. నా ఫోన్‌లో తెరిచి, వేలు పెట్టి నిజంగా నేను రాసిన వరుసే చూపించాను. అవ్వ ఆ అక్షరాలను బొటనవేలితో మెల్లగా నిమిరింది. వేలు తగిలి పక్కనున్న హార్టు ఎర్రబడింది. నా మాటకి నా పేరు మీదే లైక్.
"మల్ల తోల్కరా గా పిల్లను," అంది.

ఆగస్టు 8
ఆ కామెంట్ తీసేస్తే సహస్ర అడుగుతుంది, ఎందుకు తీశావే అని. తీయకపోతే... పొద్దున్నుంచి ఆ వరుస తెరిచే పెట్టుకున్నాను.