ఆరో ఇన్నింగ్స్ తర్వాత ఖాళీ సీట్లు

ఏప్రిల్ 9

సీజన్లో మొదటి బేస్‌బాల్ ఆట. నది మీంచి గాలి. వేళ్లు కొంకర్లు పోయి పెన్సిల్ నిలవలేదు. అయినా ప్రతి బంతీ స్కోరు బుక్కులో రాశాను. పందొమ్మిదేళ్ల అలవాటు.

వెండెల్ మా మెట్ల దగ్గరే ఉన్నాడు, అదే ఎర్ర కోటు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. టికెట్ చూసి, సీటు గుడ్డతో తుడిచి కూర్చోబెట్టడం ఆయన పని. ఏం ప్రొఫెసరమ్మా, ఈ చలికాలంలోనైనా ఎవర్నన్నా చేసుకున్నావా, ఇంకా ఈ దిక్కుమాలిన టీముతోనే కాపురమా అన్నాడు. విడాకులు అడిగితే మన హెరాన్స్ టీమే ఒప్పుకోవడం లేదన్నాను.

తొమ్మిదింటిలో ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి, గ్రౌండు పక్కనున్న ముందు వరుసలు ఎప్పటిలాగే ఖాళీ. కంపెనీలు కొనుక్కుని వదిలేసే సీట్లు. వెండెల్ అటూ ఇటూ చూసి గుడ్డ భుజాన వేసుకున్నాడు. అదే సైగ. పై వరుసల వాళ్లం ఏడెనిమిది మందిమి చప్పుడు చేయకుండా కిందికి దిగాం. నా వెనకాయన అంపైర్ మీద అరుస్తూనే దిగాడు: కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయావా నాయనా, ఇదిగో నావి తీసుకో!

ఏప్రిల్ 23

ట్రిష్ దగ్గర్నుంచి ఉత్తరం. కాలేజీలో నా దగ్గర చరిత్ర చదివిన పిల్ల, ఇప్పుడు క్లబ్బులో మేనేజరు. ఆటని బాగు చేయడానికి ఫ్యాన్స్ సలహాలు కావాలట. మీకంటే ఎవరికి తెలుసు ప్రొఫెసర్ అని రాసింది. పొగడ్తేనని తెలుసు. మూడుసార్లు చదువుకున్నాను.

ఏప్రిల్ 24, ఉదయం 6

నిద్ర పట్టక లేచి రాశాను. బ్యాటరుకీ బ్యాటరుకీ మధ్య లౌడ్‌స్పీకర్ ఆపండి, బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు కోసమే సగం మందిమి వస్తాం. స్కోరు సమమైతే ఆడే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద ఉత్తినే ఒక మనిషిని నిలబెట్టడం మానండి, చెమటోడ్చని పరుగు పరుగే కాదు. ఆటగాణ్ణి వేరే టీముకి ఇచ్చేస్తే తెల్లారేసరికి మాయం చేయకండి, వీడ్కోలుకి ఒక్క ఆట ఇక్కడ ఆడనివ్వండి. ఇక అసలుది. ఆరో ఇన్నింగ్స్ తర్వాత ముందు వరుసల్లో మిగిలిన సీట్లు పై వరుసల వాళ్లకి ఇవ్వండి. ముసలివాళ్లకి ముందు. ఉచితంగా.

‘ఇప్పుడు దొంగచాటుగా జరుగుతున్నదే దర్జాగా జరగనివ్వండి’ అని కూడా రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను. వెండెల్‌కి ఇబ్బంది.

మే 5

ట్రిష్‌తో కాఫీ. సీట్ల ఐడియా పైవాళ్లకి తెగ నచ్చిందట. కానీ ఎన్ని సీట్లు ఖాళీగా ఉంటాయో రుజువు కావాలట. నా దగ్గరుందన్నాను. ప్రతి ఆటలోనూ ఆరో ఇన్నింగ్స్‌కి ఖాళీ సీట్లు లెక్కపెట్టి మార్జిన్లో వేసుకుంటాను, ఎందుకో నాకే తెలియదు. మీరు బంగారం ప్రొఫెసర్ అంది.

మే 6

ఏడేళ్ల స్కోరు బుక్కులు ఇచ్చి వచ్చాను. ఇంట్లో ఆ అర బోసిగా ఉంది.

మే 27

పుస్తకాలు ఇచ్చి తొందరపడ్డానా?

జూన్ 11

మెట్ల దగ్గర వెండెల్ లేడు. ఎవరో కుర్రది, చేతిలో మెషీన్. వెండెల్ ఏడీ అంటే ఎవరాయన అంది.

జూన్ 12

రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. నీ చేతిరాత చూపించారమ్మా అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. ఖాళీ సీట్ల లెక్క పక్కనే, ప్రతిసారీ: ‘వెండెల్ దింపాడు.’ ఏడేళ్లవి, తేదీలతో సహా. ఫీల్డరు బంతి వదిలేస్తే అది అతని పేరునే రాయాలి, స్కోరు రాసేవాళ్లకి అదే మొదటి పాఠం. చేయి దానంతటదే రాసేది. ఇచ్చేటప్పుడు గుర్తే లేదు.

నీ రాత అచ్చు వేసినట్టుంటుంది, అద్దాలు లేకుండానే చదివేశానని నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది. పని నుంచి పక్కన పెట్టారట, విచారణ ఉందట. మా ఆవిడ జూనీ పోయాక ఆ మెట్లే కదా నాకు, అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

జూన్ 14

ట్రిష్ ఆఫీసుకి వెళ్లాను. సీట్లు లెక్కపెట్టుకోమని ఇస్తే మనిషిని పట్టుకున్నారేమిటన్నాను. పక్కన రాసింది కళ్లకి కనబడుతుంది కదా ప్రొఫెసర్ అంది. మీరే కదా క్లాసులో చెప్పేవారు, మార్జిన్లు చదవండి, అసలు చరిత్ర అక్కడుంటుందని?

తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. అవన్నీ సరదాకి రాసినవి, నిజం కాదు అని ఒక్క కాగితం ఇవ్వండి, ఇక్కడితో ఆపేయగలను అంది.

నా పుస్తకాల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదన్నాను. వెంటనే. ఆలోచించకుండా. అవమానించినట్టు.

ఆ పిల్ల నన్ను అదోలా చూసింది. సాయం చేయబోయిందని కారు దాకా వచ్చాక తట్టింది. వెనక్కి తిరగాల్సింది. ఇంటికి వచ్చాను.

జూన్ 15, ఉదయం 9

కాగితం రాసి తీసుకెళ్లాను. మొదటి అబద్ధం, సంతకంతో సహా. వెండెల్‌ని నిన్న సాయంత్రమే పనిలోంచి తీసేశారట. మీరు అన్న మాట కూడా ఫైల్లో ఉంది ప్రొఫెసర్ అంది ట్రిష్. నా కళ్లలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

జూన్ 28

వెండెల్ ఇంటికి. వరండాలో కూర్చోబెట్టాడు. కుర్చీ తుడవబోయి ఆగిపోయాడు. ఇరవై రెండేళ్లు గ్రౌండుకి వీపు పెట్టి నిలబడ్డాను, మీ మొహాలు చూసి ఎవరు కొట్టారో చెప్పేవాణ్ణి అన్నాడు. తర్వాత, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు: నా ఒక్కడి పేరు రాయకుండా ఉండలేకపోయావా తల్లీ?

క్లబ్బు మోసం చేసిందన్నాను. ట్రిష్ మోసం చేసిందన్నాను. చాలాసేపు చెప్పాను. ఆ ఆఫీసులో నేనేమన్నానో మాత్రం చెప్పలేదు.

జూలై 17

ప్రకటన వచ్చింది. ఆరో ఇన్నింగ్స్ తర్వాత ముందు వరుసలు అందరికీ, ఫోన్లో కొనుక్కోవచ్చు. నా ఐడియాలో ‘ఉచితంగా’ ఒక్కటే తీసేశారు. ‘ముసలివాళ్లకి ముందు’ కూడా. నాకు ముందు వరుసలో ఒక సీటు, కృతజ్ఞతతో.

జూలై 26

వెండెల్‌కి చేసినదాని గురించి అందరి ముందూ అరవడానికే వెళ్లాను. నా పేరు పెద్ద తెర మీద వేశారు. లేచి నిలబడి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే మావాడొకడు బంతిని గోడ దాటించాడు.

చప్పట్లు కొట్టాను. చాలాసేపు.