చేప గుర్తు

కాకినాడ ఆసుపత్రి,
1889 జూన్ 29

ప్రియమైన బావమరిది సత్తియ్యకు,

మీ అక్క వీరవేణి క్షేమం. నా సంగతి నరసాపురం దాకా ఏ రూపంలో వచ్చిందో నాకు తెలీదు కాబట్టి జరిగింది జరిగినట్టు ఈ కార్డులోనే ఇరికించి రాస్తున్నాను.

తొమ్మిది రోజుల కిందట, గురువారం పొద్దున, మా స్టీమరు కాలువలో కడియం దాటి లాకు తలుపుల దగ్గరికి వస్తోంది. వెనక ధాన్యం పడవలు రెండున్నాయి. ముందు చేరిన పడవనే ముందు లాకులోకి వదులుతారు. ఏజెంటు భీమరాజుగారు పైన నిలబడి, "ఆగేదాకా చూస్తూ కూర్చుంటావేంట్రా? దూకు!" అని కేకేశారు. స్టీమరు ఇంకా నడుస్తూనే ఉంది. మోకు పట్టుకుని గట్టు మీదికి దూకాను. మోకు కాలికి చుట్టుకుని నన్ను వెనక్కి లాగింది. ఎడమకాలు పడవకీ లాకు గోడకీ మధ్య నలిగింది. డాక్టరుగారు మోకాలి కింద తీసేశారు.

పనిలో చేర్చుకున్న రోజున యజమాని జగన్నాథరావుగారు అందరి ముందూ అన్న మాట నీకు గుర్తుందా? "పడవ మీద దెబ్బ తిన్నవాణ్ణి కంపెనీ చూసుకుంటుంది, సగం జీతం ఇస్తుంది" అన్నారు. లేవగానే ఆ మాటే అడుగుతాను.

నిన్న భీమరాజుగారు ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని వచ్చారు. ఏదో కాగితం తీసి గుర్తు పెట్టమన్నారు. కళ్లు తిరుగుతున్నాయండి అన్నాను. మళ్లీ వస్తానని వెళ్లారు. పూతరేకులు మీ అక్క కాకులకి వేసింది. కాకులు తిన్నాయి. వాటికి భీమరాజుగారు తెలీదు కదా.

లాకు గుమాస్తాగారి అరుగు మీద మనిద్దరం దిద్దిన అక్షరాలు ఇప్పుడు పనికొచ్చాయి. మంచం మీద చేసే పని ఇంకేముంది?

నీ బావ,
పెదబాబు


నరసాపురం,
1889 జూలై 19

బావగారికి సత్తియ్య నమస్కారాలు.

నీ కార్డు చదివి మూడు రోజులు అన్నం తినలేదు. తిన్నాక ఇంకా కోపం వచ్చింది.

నిన్న భీమరాజు మా లైను చూడటానికి వచ్చాడు. రేవులో అందరినీ పోగేసి ఒక కాగితం చదివాడు. "నేను కల్లు తాగి ఉండి, ఎవరూ చెప్పకుండా, నా ఇష్టప్రకారం దూకితిని. కంపెనీ తప్పు లేదు, కంపెనీని ఏమీ అడగను." ఇదీ అందులో ఉన్నది. కింద జూలై రెండో తారీఖు వేసి, చేప బొమ్మ గీసి, "పెదబాబు నిశానీ" అని రాసి ఉంది. చదువురాని రైతు నాగలి గీసినట్టు నువ్వు చేప గీశావంట. ఇది నువ్వు పెట్టావా బావా?

పెట్టలేదని నాకు తెలుసు. నీకు రాయడం వచ్చని నాకూ అక్కకీ తప్ప కంపెనీలో పురుగుకి కూడా తెలీదు. మన జీతాలు స్టీమరు నడిపే సరంగు చేతికిస్తారు, ఆయన పంచుతాడు. ఏనాడు మన చేత సంతకం పెట్టించారు గనక? రేవులో నిలబడి చెప్పేద్దామనుకున్నాను. అక్క వస్తుందని కబురొచ్చింది కాబట్టి ఆగాను.

అయినా చెప్పడం ఎందుకు? నెలకోసారి ఆయన మా స్టీమరే ఎక్కుతాడు. అడుగు బల్ల ఒకటి ఊడదీస్తే చాలు. ఆయనకి ఈత రాదు. నువ్వు ఊ అను.

నీ బావమరిది,
సత్తియ్య


కాకినాడ, జగన్నాథపురం,
1889 ఆగస్టు 3

ప్రియమైన సత్తియ్యకు,

నువ్వు రాసింది చదివి పొయ్యిలో పెట్టాను. అలాంటివి మళ్లీ రాయకు. నేను ఏ కాగితం మీదా ఏ గుర్తూ పెట్టలేదు. ఆసుపత్రి నుంచి వచ్చేశాను. వంతెన అవతల ఒక పాక తీసుకున్నాం.

మీ అక్క నీ దగ్గరికి వచ్చి చెప్పిన మాట గుర్తుంచుకో. వారానికో కార్డు రాస్తాను. కవరు వద్దు, కార్డే. మొదటిదాంతో సహా ఒక్కటి కూడా పోనివ్వకుండా నీ రేకు పెట్టెలో దాచు.

ఇక్కడ నిన్న పెద్ద వాన కురిసింది.

నీ బావ,
పెదబాబు


నరసాపురం,
1889 నవంబరు 22

బావగారికి,

నీ కార్డులన్నీ పెట్టెలో ఉన్నాయి. చదివితే నాకు మతి పోతోంది. "ఈవేళ వాన పడలేదు." "పక్కింటివాళ్ల మేక ఈనింది." "చింతపండు పులుపు చాలలేదు." చీమలబారులా రాసి పంపుతున్నావు. మీ పక్కింటి మేకతో నాకేం పని బావా? పోస్టుమాస్టరు నవ్వుతున్నాడు. "మీ బావకి కాలు పోయిందా, బుర్ర పోయిందా?" అని అడిగాడు.

ఇంకొకటి విన్నాను. నువ్వు దావా వేశావంట. దావా తీసేస్తే కాకినాడ రేవులో టిక్కెట్ల గదిలో కూర్చోబెడతామని, ఆ కాగితం నీ ఎదుటే చింపేస్తామని జగన్నాథరావుగారు కబురు పెట్టారంట. అక్క ఒప్పుకోమని ఏడ్చిందంట. నువ్వు కాదన్నావంట. కుర్చీలో కూర్చుని తినే పని కాదనుకుని, ప్లీడరు చుట్టూ కర్రతో తిరిగితే ఏమొస్తుంది? కోర్టులో వాళ్ల దగ్గర కాగితముంది. నీ దగ్గర మేక కబుర్లున్నాయి.

భీమరాజు మొన్న మా రేవులో ఏమన్నాడో రాయనా? "పెదబాబుకి ఇప్పుడు మూడు కాళ్లు, రెండు కర్రవీ ఒకటి సొంతం. కోర్టు మెట్లెక్కడం చూడాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఉద్యోగం పోతుందని నేనూ నవ్వాను. నవ్విన నోరు కాలువలో కడుక్కున్నాను.

నువ్వు భయపడ్డావు బావా. అది రాయకుండా ఉండలేకపోతున్నాను.

సత్తియ్య


కాకినాడ,
1890 జనవరి 25

ప్రియమైన సత్తియ్యకు,

వచ్చే నెల పద్నాలుగున మున్సబు కోర్టులో విచారణ. మీ అక్క వస్తుంది, పెట్టె ఆమె చేతికివ్వు. నువ్వు రావద్దు. నీ పనిలో నువ్వుండు.

నువ్వు నన్ను అన్న మాటకి నాకు కోపం లేదు.

మేకపిల్లలు రెండూ బాగున్నాయి.

నీ బావ,
పెదబాబు


నరసాపురం,
1890 మార్చి 30

బావా,

అక్క పెట్టె పట్టుకెళ్లి నెలన్నర దాటింది. భీమరాజు మా లైనుకి రావడం మానేశాడు. జైలంటారు, జబ్బంటారు, కాశీకి పోయాడంటారు. అడిగినవాళ్లందరికీ నేను తెలిసినట్టు తలాడిస్తున్నాను. నాకు ఒక్క ముక్క తెలీదు. వారానికో కార్డు రాసిన చెయ్యి ఇప్పుడెందుకు ఆగింది?

సత్తియ్య


కాకినాడ,
1890 ఏప్రిల్ 10

ప్రియమైన సత్తియ్యకు,

ఈసారి కవరులో రాస్తున్నాను. ఇక ఎవరికీ చూపించాల్సింది లేదు.

పై కోర్టులో తీర్పు వచ్చేదాకా నోరు తెరవొద్దని ప్లీడరుగారు ఒట్టు వేయించుకున్నారు. అందుకే ఆగాను. పోయిన వారం వచ్చింది.

ఫిబ్రవరి పద్నాలుగున భీమరాజుగారు మున్సబు కోర్టులో బోనెక్కి ప్రమాణం చేశారు. జరీ అంచు కండువా వేసుకొచ్చారు. మా ప్లీడరుగారు నాలుగే ప్రశ్నలడిగారు.

"పెదబాబుకి చదువొచ్చాండి?"

"చేపలు పట్టుకునే వాళ్లకి చదువేంటండి!" అన్నారు. కోర్టు హాలంతా నవ్వింది.

"కాగితం చదివి వినిపించారా?"

"రెండుసార్లు."

"నిశానీ ఎవరు గీశారు?"

"వాడే. నా ఎదుట, నా కలంతో."

"తారీఖు ఎవరు వేశారు?"

"నేనే వేశాను. ఆ రోజే వేశాను."

అవన్నీ రాసుకోవడం అయ్యాక ప్లీడరుగారు నీ పెట్టె తెరిచారు. ముప్పై కార్డులు. కవరైతే లోపలి కాగితం మార్చారంటారు. కార్డుకైతే రాత ఉన్న అట్ట మీదే పోస్టు ముద్ర పడుతుంది, ముద్రలో తారీఖు ఉంటుంది. అందుకే కార్డులు రాశాను. మొదటి కార్డు మీద ముద్ర జూన్ ఇరవైతొమ్మిది. జూన్ ఇరవైతొమ్మిదిన ఇంత ఉత్తరం రాసి సంతకం పెట్టినవాడు, జూలై రెండున చేప బొమ్మ ఎందుకు గీస్తాడని ప్లీడరుగారు అడిగారు. భీమరాజుగారు మంచినీళ్లడిగారు.

వాళ్ల ప్లీడరు లేచి, కార్డులు ఇంకెవరి చేతో రాయించారన్నాడు. మున్సబుగారు నాకు కలం ఇప్పించి, "ఏదైనా రాయి" అన్నారు. "భీమరాజుగారు దూకమంటే దూకాను" అని రాశాను. ఆయన దాన్ని మేక కార్డు పక్కన పెట్టి చాలాసేపు చూశారు. అక్షరం అక్షరం సరిపోయింది. ఒక్క కార్డయితే ఎవరి చేతో రాయించాడనొచ్చు. ముప్పై వారాల వానల గురించీ చింతపండు గురించీ ఎవరి చేత రాయించుకుంటారు? మేకతో ఏం పని అన్నావుగా. అదే పని.

ఇంకొకటి నేనే చెప్పాను. "మావాళ్లలో చదువురానివాడు కాగితం మీద తెడ్డు గీస్తాడండి. చేప మా తిండి, తెడ్డు మా చెయ్యి. చేప గీసింది తెడ్డు పట్టనివాడు" అన్నాను. మున్సబుగారు అదీ రాసుకున్నారు.

నా కాలికి కంపెనీయే బాధ్యత వహించాలని తీర్పిచ్చారు. దొంగ కాగితానికీ దొంగ ప్రమాణానికీ భీమరాజుగారి మీద వేరే కేసు పెట్టించారు. దాంట్లోనే పై కోర్టు రెండేళ్ల జైలు వేసింది.

ఇప్పుడు నువ్వు నన్ను పిరికివాడన్న సంగతికి వస్తాను. జూలైలోనే నాకు రాయడం వచ్చని చెప్పి ఉంటే, ఆ కాగితం ఆ రోజే చిరిగిపోయేది. సగం జీతం ఆ రోజే వచ్చేదేమో, ఆయనకి మాత్రం ఏమీ అయ్యేది కాదు. అందుకే మీ అక్కని పంపి నీ నోరు కట్టేయించాను. టిక్కెట్ల గదిలో కుర్చీ ఇస్తానన్నప్పుడూ అంతే. కుర్చీ తీసుకుంటే కాగితం చింపేస్తామన్నారు. కాగితం చిరిగితే ఆయన బతికిపోతాడు. మీ అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు గడవక ఆమె చేపల గంప నెత్తికెత్తుకుంది. అది నేను చేసిన తప్పే, ఒప్పుకుంటాను. కానీ కాలు పోయినందుకు కాదు సత్తియ్యా నా కసి. నిండు స్పృహలో పని చేసిన నన్ను తాగుబోతని పది రేవుల్లో చదివినందుకు. ఆయన ప్రమాణం చేసి, తన నోటితో, తన తారీఖుతో చెప్పేదాకా ఆగాలనుకున్నాను. ఏడు నెలలు ఆగాను. నీ స్టీమరు మీద నలభైమంది ప్రయాణికులుంటారు. ఆయన ఒక్కడే మునగాలి.

మున్సబుగారి తీర్పయిన వారానికి జగన్నాథరావుగారు మా పాకకి వచ్చారు. అప్పీలుకి పోను, ఇంకేం కావాలో చెప్పమన్నారు. "పనిలో చేరిన రోజు మీరు నోటితో అన్నది కాగితం మీద పెట్టండి" అన్నాను. "రాయించుకు రానా?" అన్నారు. "నేను రాస్తానండి" అన్నాను. రాశాను. ఆయన కింద సంతకం చేశారు. ఇప్పుడది కాకినాడ రేవులో టిక్కెట్ల గది గోడకి అంటించి ఉంది. మీ రేవుకీ ఒకటి రాసి పంపుతాను. ఇదీ అందులో ఉన్నది:

"ఈ కంపెనీ పడవల మీద పనిలో దెబ్బ తిన్న ప్రతివాడికీ బతికున్నంతకాలం సగం జీతం ముట్టును. పడవ ఆగి కట్టేలోగా ఎవరినీ దూకమనరాదు."

నిన్న భీమరాజుగారిని రాజమండ్రి జైలుకి తీసుకెళ్లారు. ఏ రోజు తీసుకెళతారో తెలీక మూడు రోజులు వరసగా రేవుకి వెళ్లి కూర్చున్నాను. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆయన్ని సరిగ్గా ఆ కాగితం కింద బల్ల మీద కూర్చోబెట్టారు. కండువా లేదు. ఎదుటి బల్ల మీద నేను, నా పక్కన మీ అక్క. ఆయన నన్ను చూడకుండా ఉండటానికి తల ఎత్తి గోడ చూశారు. గోడ మీద ఉన్నది చదవక తప్పలేదు.

కానిస్టేబుల్ అన్నాడు: "రాత బాగుంది. కొత్త గుమాస్తాదా?"

"నాదేనండి" అన్నాను.

అప్పుడు స్టీమరు వచ్చింది. ఎవరూ దూకలేదు. మరచక్రం ఆగింది, పడవ గట్టుకి ఆనింది, అప్పుడు ఒకతను మోకు పట్టుకుని మెల్లిగా దిగి గుంజకి కట్టాడు. భీమరాజుగారు సంకెళ్లతో నిలబడి, అలవాటు కొద్దీ, "ఇంతసేపా!" అన్నారు.

నేను చెప్పాను: "తొందరేముందండి రాజుగారూ, రెండేళ్లున్నాయి."

మీ అక్క నవ్వింది. సగం జీతం చేతికి వస్తోంది కాబట్టి గంప దింపేసింది. వేసవికి కాలువలు కట్టేసి స్టీమర్లు ఆగాక నువ్వు ఇక్కడికి రా.

నీ బావ,
పెదబాబు
చేవ్రాలు