కాయి

మిడిల్ పాయింట్, పోర్ట్ బ్లెయిర్
ఆగస్టు 14, గురువారం

చిరంజీవి వీరేంద్ర బాబుకి,

మీ చిన్నత్త రాజకుమారి ఆశీస్సులతో రాయునది. ఇక్కడ నేనూ, నీ భార్య సుమా క్షేమం. క్యాంప్‌బెల్ బేలో నీ ఒంట్లో కులాసాగా ఉందని తలుస్తాను. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావని సుమ చెప్పింది, అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఫోన్లో అయితే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావు. ఈ ఉత్తరం మీ వైపు షిప్పెక్కుతున్న పక్కింటి నూకన్న చేతికిస్తున్నాను.

నీ ఉప్పునీళ్ల ట్యాంకులో నాచు తగ్గలేదు బాబూ. అద్దాల మీద, రాళ్ల మీద, చివరికి మోటారు గొట్టం మీద కూడా పచ్చగా జుట్టులా వేలాడుతోంది. నువ్వు చెప్పినవన్నీ చేశాం. లైటు పది గంటల నుంచి ఆరు గంటలకి తగ్గించాం. మేత రోజుకి ఒక్కసారే, అదీ చిటికెడు. కుళాయి నీళ్లు మానేసి, ఫిల్టరు నీళ్లలో నీ డబ్బాలో ఉప్పు కలిపి వారం వారం మారుస్తున్నాం. పాత టూత్‌బ్రష్‌తో ఆదివారం రాళ్లు తోమితే బుధవారానికి మళ్లీ మామూలే. నాకైతే విసుగొచ్చేసింది. ఆ రెండు చారల చేపలు మాత్రం మమ్మల్ని చూడగానే నోరు తెరుస్తాయి, వాటికేం.

సుమ తుష్నాబాద్ స్కూలు నుంచి బస్సులో నిలబడి వస్తుంది. టీ అయినా తాగకుండా ట్యాంకులో చెయ్యి పెడుతుంది. ఉప్పుకి వేళ్ల సందులు ఒరిసిపోయాయి. కొబ్బరినూనె రాస్తానంటే, అది నీళ్లలో కలిస్తే చేపలకి మంచిది కాదని రాయనివ్వదు.

కిందటి నెల ఫోన్లో సుమతో, రెండు చేపల్ని చూసుకోలేనిదానివి రేపు పిల్లల్నేం చూస్తావని అన్నావు. స్పీకరు పెట్టి ఉంది, నేనూ విన్నాను. అది పల్లెత్తు మాట అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నువ్వొచ్చేలోగా ట్యాంకు ఎవరికైనా ఇచ్చేయమన్నావట. అది ఇవ్వనంటోంది. ఇచ్చేస్తే నీ మాటే నిజమైపోతుందని దాని బెంగ.

నేనూ ఊరికే కూర్చోలేదు. నువ్వు షిప్పెక్కే రోజు నాకు ఒక్క పని అప్పజెప్పావు. ఆ వారమే శ్రద్ధగా చేశాను.

అక్కడ వానలు ఎక్కువట, తడవకు. వేళకి తిను.

ఇట్లు,
నీ మేలు కోరే చిన్నత్త
రాజకుమారి

తా.క. అసలు సంగతి పైన రాయడానికి ధైర్యం చాలలేదు. నువ్వు వెళ్తూ, చిన్నత్తా, కాయి దిఖితే వెంటనే తీసేయండి, ఛోడ్‌నా మత్ అన్నావు. ఇచ్ఛాపురం నుంచి వచ్చి నాలుగు నెలలైనా నాకు హిందీ పట్టుబడలేదు. కనిపిస్తే వదలకుండా తీసేయమన్నావని అర్థమైంది గానీ, కాయి అంటే కాయలనుకున్నాను. అద్దానికి వక్కకాయలంతవి ఆరు, నల్లగా అంటుకుని కనిపిస్తే, ఇవే కాబోలని పీకి పెరట్లో పారేశాను.

నిన్న సీసాలో కాస్త నాచు పట్టుకుని, పక్కింటి నూకరత్నాన్ని తోడు తీసుకుని చేపల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన హిందీని ఆవిడ విడమర్చి చెప్పింది. కాయి అంటే నాచేనట. దాన్ని తినే నత్తలు ఉండాలే, ఏమయ్యాయని ఆయన అడిగాడు. నేను కాయలని పీకి పారేసినవి అవే.

ఇంటికొచ్చి, సుమ చేతులకి ఈ రోజైనా నూనె రాయాలని దాని అలమరాలో సీసా కోసం వెతికాను. గాజుల పెట్టెలో ఆ ఆరు నత్తల గుల్లలూ ఉన్నాయి, పెరట్లోంచి ఏరి, కడిగి దూదిలో పెట్టి. మొదటి నుంచీ దానికి తెలుసు బాబూ. నువ్వన్న మాటలన్నీ పడింది గానీ నా పేరు చెప్పలేదు.

రెండు చేపల్ని చూసుకోలేదన్నావు కదా, నన్నెలా చూసుకుందో చూడు. నూకన్న ఈ ఉత్తరం ఇచ్చిన రోజే దానికి ఫోన్ చెయ్యి.