సగం మాటకు పోయిన ఉద్యోగం

డెబ్బై ఒకటో ఏట, మోకాళ్లు తప్ప అన్నీ సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. కాలేజీలో ముప్పై నాలుగేళ్లు మతాల చరిత్ర చెప్పాను. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. దీని అమలు బాధ్యత నా మేనకోడలిది. మా ఇంట్లో కాగితాన్ని చివరిదాకా చదివేది అదొక్కతే.

1. నాకు భర్తా పిల్లలూ లేరు గనక ఆస్తిలో మూడింట రెండు వంతులు మా ఇస్లాం ధర్మం ప్రకారం మా తమ్ముడికి చెందుతాయి. తగ్గించే హక్కు నాకు లేదు. అయితే నేను మన మతం విడిచి పరాయివాళ్లలో కలిసిపోయానని మసీదు కమిటీ రాసిన కాగితం మీద వాడి సంతకం మూడోది. ఎందుకురా అంటే, "అందరూ పెట్టారక్కా" అన్నాడు. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. అదే వారం కాలేజీ యాజమాన్యం, నేను పిల్లల్ని నా మతంలోకి లాగుతున్నానంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

2. ఇది ఎలా జరిగిందో రాసిపెట్టడం అవసరం. గురువారం తరగతిని, అదే కాలేజీలో బైబిలు చెప్పే పాస్టరుగారూ నేనూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇరవై ఆరేళ్లు నడిపాం. ఆయన మా గ్రంథం చదివేవాడు, నేను వాళ్లది. ఒకరోజు, "ఎదుటివారి దేవుడు అబద్ధమని కొందరంటారు" అని మొదలుపెట్టి, ఆ మాట ఎందుకు తప్పో గంటసేపు చెప్పాను. ఎవరో "అబద్ధం" వరకే రాసి పైకి పంపారు. విచారణలో పాస్టరుగారిని అడిగితే నీళ్లు నమిలి, "ఆరోజు సరిగ్గా వినలేదండీ" అన్నాడు. నావైపు చూడలేదు. మరుసటి నెల నన్ను ఉద్యోగంలోంచి తీసేసి, నా గది తలుపుకు ఆయన పేరు బిగించారు.

3. మిగిలిన మూడో వంతులోంచి వీధివైపు గది, కుట్టుమిషను కాలేజీ ఆయాకు. ఎవరూ పిలవకుండానే ఆమె విచారణకు వచ్చి, "తలుపు దగ్గరే ఉన్నాను, మేడం మొత్తం చెప్పింది" అంది. పాఠాలు చెప్పే సిబ్బంది కాదని ఆ మాట రాసుకోలేదు. దీనికీ సాక్షి సంతకం చేస్తానంది. ఆస్తి అందుకునేవాళ్లు చేయకూడదని లాయరు ఆపాడు. అందుకే ఆమె మాట నేనే ఇక్కడ ఎక్కిస్తున్నాను.

4. పుస్తకాలన్నీ మేనకోడలికి. అంచుల్లో నా రాతలు చెరపకు. కొన్ని కోపంలో రాసినవి, వాటినీ ఉంచు.

5. పాస్టరుగారితో కలిసి రాసిన పుస్తకాన్ని మళ్లీ అచ్చువేస్తూ, ఆయన పేరు తీసేయమంటారా అని పబ్లిషరు అడిగాడు. వారం రోజులు తీసేయమనాలనే అనుకున్నాను. తర్వాత నాలుగో అధ్యాయం మళ్లీ చదివాను. పొరుగువాడు ప్రార్థన చేసుకుంటుంటే మనం ఎలా నిలబడాలన్నది. ఆయన రాసిందే. అంత బాగా నేను రాయలేను. అట్టమీద ఆయన పేరు నా పేరు పక్కనే ఉండాలి. క్షమించానని మాత్రం ఆయన అనుకోకూడదు. ఆ అధ్యాయం నిజం, అందుకే ఉంచుతున్నాను.

రెండువేల పందొమ్మిది, నవంబరు ఇరవై ఒకటి.

(సంతకం) మాజీ లెక్చరరు

సాక్షులు:
ఎదురింటి కంటి డాక్టరు
కింది వాటాలోని రిటైర్డు పోస్టుమాస్టరు