మక్కల మిషన్, మొగవాళ్ల చొక్కాలు

బుధవారం, ఎల్లారెడ్డి

పొద్దున వదిన వాళ్ల చేనులో మొక్కజొన్న కంకులు మిషన్‌లో వేసి మక్కలు పట్టిస్తుంటే ఆమె చెయ్యి మిషన్ బెల్టులో పడింది. దుమ్ముకు ఒళ్లు దురద పెట్టకుండా ఆడవాళ్లమంతా చీర మీద మొగవాళ్ల చొక్కాలు వేసుకుంటాం. అన్న చొక్కా వదినకు వదులు. ముందు చొక్కా చెయ్యి చుట్టుకుంది, దాని వెంటే ఆమె చెయ్యి పోయింది. బెల్టు మీద ఉండాల్సిన ఇనుప మూత ట్రాక్టర్ పక్కన పడి ఉంది. పొట్టు ఇరుక్కుంటే మాటిమాటికీ మిషన్ ఆపాల్సి వస్తోందని తీసేశారట.

కామారెడ్డి ఆసుపత్రిలో చెయ్యి మోచేతి దాకా తీసేశారు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి అదే మిషన్ పక్క చేనులో నడుస్తోంది.

"గంత వదులు చొక్కా ఎందుకేసుకోవాలె? మబ్బు పట్టింది, తడిస్తె మక్కలు మొలకలొస్తయ్" అన్నాడు మిషన్ ఓనరు. తప్పు చొక్కాది!

రేపు మా చేను వంతు. ఇందాక వదిన కూతురు సుజాత వచ్చింది.

"పొద్దుగాల ఎప్పుడు రావాలె అత్తా?"

"నువ్వెందుకే?"

"ఇయ్యాల నువ్వు మా చేన్ల చేసినవ్ గదా. రేపు మీ చేన్ల అమ్మ చెయ్యాలె. తెలివి రాంగనే నన్ను పొమ్మన్నదంట, బాపు ఫోన్ చేసిండు."

వద్దన్నా వినలేదు.

నాకొకటి, సుజాతకొకటి మా ఆయన చొక్కాలు రెండు తీసి, చేతులు పైదాకా కత్తిరించాను.

"చేతులు గీరుకపోతయ్ గదనే" అన్నాడు.

"రేపు ఆ మూత పెట్టిస్తవా?" అని అడిగాను.

ఆయన వాకిట్లోకి వెళ్లి మబ్బు చూసి వచ్చాడు.