బసవడి పిక్కలు

హైదరాబాద్, 12-8-91

అక్కా, నేను కులాసా. ఇవాళ మా ల్యాబులో, మన బసవడి జబ్బే ఉన్న ఎలుక కండను మైక్రోస్కోపులో చూశాను! కండ బిగియడానికి కాల్షియం రావాలి, సడలడానికి పోవాలి. ఈ జబ్బులో అది దుమ్ముగూడెం గోదారి వరదలా చొరబడి, వెనక్కి పోకుండా కండనే తినేస్తోంది. మందింకా లేదు గానీ, గండి ఎక్కడో తెలిసింది!

"పిక్కలు పహిల్వాన్ లెక్కున్నయ్, మెట్లెక్కమంటే ఏడుస్తడేంది?" అనే మీ అత్తమ్మకు చెప్పు, ఆ లావు బలం కాదు, జబ్బేనని. వాణ్ని ఉరికించొద్దు. బలానికని తాగించే సున్నపుతేట మానెయ్యి, అదీ కాల్షియమే.

మిరపనారు పోశారా? కారం పంపు. బావకు నమస్కారాలు.

కవరు మాని కావాలనే కార్డు రాశాను. మీ పోస్టుమ్యాన్ ఊరంతా చదివి వినిపిస్తాడుగా, వినిపించనీ: మా బసవడు బద్ధకస్తుడు కాడు!

నీ చెల్లి, వాడి పిన్ని
హైమ