ట్రాలీ వెనుక నిలబడేవాడు

నవంబర్ 12, జనగామ. ఉదయం 6.00

ఈ రోజే బయలుదేరుతున్నాం. బొలెరో వెనుక ట్రైలర్. అందులో మంచం, గ్యాస్ స్టవ్, సింకు, సుశీల దేవుడి పటం. డిజైన్ అంతా నాదే. మూడు నెలల ప్లాన్: మహబూబాబాద్, భూపాలపల్లి, కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి మహారాష్ట్ర, ఆ తర్వాత రోడ్డు ఎటు పోతే అటు. సుశీల ముప్పై ఏళ్లు టీచరుగా చేసి మొన్న మేలో రిటైరైంది. నేను ఆర్టీసీలో ముప్పై అయిదేళ్లు డ్రైవర్‌ని. ఒక్క యాక్సిడెంట్ లేదు. ఆ మెడల్ డాష్‌బోర్డు మీద పెట్టాను. సుశీల దాన్ని ఒకసారి చూసి, దేవుడి పటం సర్దడానికి పోయింది.

నవంబర్ 12, దేవరుప్పుల. మధ్యాహ్నం

పరువు పోయింది.

సుశీలతో పనిచేసిన సౌందర్య టీచర్ ఇంట్లో భోజనం. వాకిట్లోకి ట్రైలర్‌ను రివర్స్ పెట్టాలి. బస్సయితే స్టీరింగ్ ఎటు తిప్పితే వెనుక భాగం అటే పోతుంది. ఇది ఎడమకు తిప్పితే కుడికి పోతుంది. ఆరుసార్లు ప్రయత్నించాను. ఆరుసార్లూ అడ్డం తిరిగింది. జనం పోగయ్యారు. ఒకాయన చాయ్ గ్లాసుతో సహా వచ్చి నిలబడ్డాడు.

సుశీల నన్ను జర దిగమంది. కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. అద్దంలో ఒకసారి చూసి, ఒక్క దఫాలో పెట్టేసింది. గేటుకు అటూ ఇటూ జానెడు సందు. సార్‌కు బస్సులే అలవాటు కదా అని సౌందర్య నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పుకే ఎక్కువ మండింది.

మొన్న వేసవిలో ఆమెకు కారు నేర్పింది నేనే. నాలుగు రోజుల్లో పట్టుకుంటే, నేను ఎంత బాగా నేర్పానో అని మురిసిపోయాను.

నవంబర్ 14, మహబూబాబాద్

ఎక్కడ ఆపినా ఇదే తంతు. ముందుకు నేను, వెనక్కి ఆమె. పెట్రోల్ బంకులో ఎవరో వీడియో తీశారు. అందులో నాది మోచేయి మాత్రమే ఉంది.

ఎవరు నేర్పారని అడిగాను. పెళ్లికి ముందు, తరిగొప్పులలో, వాళ్ల నాయిన ట్రాక్టర్ మీద. రాజయ్య నేర్పాడట. పేరు చెప్తూ నవ్వింది.

రాజయ్య గుర్తున్నాడు. మామ ట్రాక్టర్ నడిపేవాడు. ఒత్తయిన జుట్టు. పెళ్లయిన వారానికి నేను ఆ ట్రాక్టర్ ఎక్కి రివర్స్ చేస్తుంటే బ్రేకులు ఫెయిలై, ట్రాలీ పోయి పశువుల కొట్టం గోడను కూల్చింది. బ్రేకులు చూసుకోనిది రాజయ్య. మామ అతన్ని పనిలోంచి తీసేశాడు.

నవంబర్ 15

ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే. నేర్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు?

నవంబర్ 16, బయ్యారం

సుశీల స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్ చూశాను. అరవై మూడేళ్ల వయసులో చేసిన పని ఇది. రాజయ్య నంబరు ఉంది. ఈ నెలలో మూడు కాల్స్. రూట్‌లో భూపాలపల్లి కలిపింది కూడా ఆమే.

అడిగేశాను. రాజయ్య ఇప్పుడు అక్కడే ఉంటున్నాడని, కలవాలని ఉందని దాచకుండా చెప్పింది. అయితే జనగామకు వాపస్ పోదామన్నాను. మీరు బండి తిప్పితే పోదాం అంది.

బండి ముక్కు కంచెకు ఆని ఉంది. రివర్స్ చేస్తే తప్ప కదలదు. ఎనిమిదిసార్లు ప్రయత్నించాను. ఆమె ట్రైలర్ మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. నేను దిగి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

నవంబర్ 17

అన్నం మాత్రం పెట్టింది.

నవంబర్ 18, భూపాలపల్లి. ఉదయం 11.00

రాజయ్యకు బట్టతల. సంతోషం కలిగింది, సిగ్గు విడిచి రాస్తున్నాను.

తరిగొప్పుల నుంచి ఇక్కడికి వచ్చి బొగ్గు బావిలో చేరాడట. అక్కడే రిటైరయ్యాడు. అల్లుడు పటేల్ వచ్చిండని లేచి కుర్చీ వేశాడు. కూర్చోకముందే అడిగాను, ట్రాక్టర్ మీద ఎక్కడ కూర్చుని నేర్పావని.

"నేనేడ కూసుంట పటేలా? సుశీలమ్మ సీటు మీద. నేను ట్రాలీ ఎనుక నిలబడి ఈల ఏసేది. జర తప్పితే నా మీదికే వస్తది. గట్ల నిలబడితెనే నేర్చుకుంటరు."

అప్పుడు కూర్చున్నాను. గోడ సంగతి సుశీలే ఎత్తింది. బ్రేకులు ఖరాబైనయని చెప్పమని ఆ రోజు రాజయ్యను బతిమాలింది తనేనట. కొత్త అల్లుడు నలుగురిలో చిన్నబోవద్దని. అతని పని పోతుందని అనుకోలేదట. ఆ తర్వాత తను ఆ ట్రాక్టర్ మళ్లీ ముట్టలేదట.

"ముప్పై ఏడేండ్ల సంది చెప్దామనుకుంటున్న రాజయ్యా. తప్పయింది."

నా ముందే చెప్పింది. నేను చాయ్ తాగుతున్నాను.

సాయంత్రం 5.00

మహబూబాబాద్‌లో రాసింది అబద్ధం. బ్రేకులు బాగానే ఉన్నాయి. నా కాలి కిందే ఉన్నాయి, నాకు తెలియదా? మామ రాజయ్యను తిడుతుంటే కొత్త బట్టల్లో పక్కనే నిలబడ్డాను. అప్పటికే ఆర్టీసీ డ్రైవర్‌ని.

మళ్లీ వెళ్లి రాజయ్యకు చెప్పాను. తెలుసు పటేలా, బ్రేకులు చూసుకునేది నేనే గద అన్నాడు.

కుళ్లు పోలేదు. ఇంకా పెరిగింది. ఆమె కోసం ట్రాలీ వెనుక నిలబడ్డ మనిషి ఒకడున్నాడు. అది నేను కాదు.

నవంబర్ 19, కాళేశ్వరం రోడ్డు

బజారులో ఈల కొన్నాను. సుశీల రివర్స్ గేర్ వేసింది. వెళ్లి ట్రైలర్ వెనుక నిలబడ్డాను.